దేశాంతరాంధ్రుల అక్షరాభ్యాసము

పుట్టుకతో తెలుగు వినుచు, ఇంట తెలుగే పలుకుచు పెరిగియు తెలుగక్షర మెఱుగనివారు మన భాషాచరిత్రలో ఒక ప్రత్యేకవర్గము. వీరిని నిరక్షరాస్యులనుటకు వీలులేదు. వీరిలో పెక్కురు బెంగాలీనో, ఒడియానో, ఆంగ్లమునో చక్కగా చదివి వ్రాయుదురు. పరభాషీయులనుటయు పొసగదు. ఇట్టివారికి తెలుగు చదువు నేర్పుట యెట్లను ప్రశ్న బొబ్బిలివారమైన మాకు దూరపుది కాదు. ఉత్తరాంధ్రపు పల్లెలనుండి జనము తరతరములుగ సముద్రము దాటియు, రైలెక్కియు వలసపోయినవారే.

చెఱకు తోటల ఒప్పందకూలీలుగ భారతీయులు మారిషసునకు పోవుట 1834లో ఆరంభమైనది. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలవారును వారిలో చేరిరి. (బొబ్బిలి జమీ నాడు విశాఖపట్టణము జిల్లాలోనిదే.) కోరంగి రేవు పేర అచ్చటను, బర్మాలోను మనవారికి కోరంగీలను పేరు కలిగెను. బర్మా వలసలు 1942 నాటి జపాను దండయాత్రతో చెదరిపోయినవి. బెంగాల్ నాగపూర్ రైల్వే మూలమున ఖరగ్‌పూర్ చేరినవారు మాత్రము అచ్చటనే స్థిరపడిరి.

ఈ సమస్యను పరిశీలించువారికి గిడుగు రామమూర్తి పంతులుగారి (1863-1940) కృషి మొదటి ఆధారము. వ్యావహారికోద్యమ నాయకులుగనే వారిని స్మరించుట మనకు పరిపాటియైనది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండి, సవరభాష నేర్చి, సవర బాలురకు వారి మాటలలోనే పాఠములు వ్రాసిన గిడుగువారిని మఱచుచున్నాము. వారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. బాలుడు నోట తెచ్చుకొన్న భాషనుండియే వానికి అక్షరము పుట్టవలెనన్న సూత్రము సవర పాఠములలోను, తెలుగు వాదములోను ఒక్కటియే. దేశాంతరాంధ్రుల విషయమున ఈ సూత్రమును మనము పాటించితిమా?

పాటించలేదనుటకు మా అనుభవమే సాక్ష్యము. వేసవి సెలవులకు ఖరగ్‌పూర్ నుండి తాతగారిండ్లకు వచ్చిన పిల్లలకు కొన్నియేండ్లు మేము తెలుగు చెప్పితిమి. వారు మాటలలో మన పల్లెపిల్లలకు తీసిపోరు. అక్షరమాల త్వరగనే పట్టుబడినది. చిక్కు అటుపిమ్మట వచ్చినది. భాషను ‘బాష’యనియు, కళ్ళను ‘కల్లు’ అనియు వ్రాసిరి. విన్నది విన్నట్లు వ్రాయుటయే ఇందలి దోషము. ఒక బాలుడు ‘మామ ఎల్లిపోనాడు’ అని వ్రాయగా మేము ఎఱ్ఱసిరాతో కొట్టివేసి ‘వెళ్ళిపోయినాడు’ అని దిద్దితిమి. ‘మా అమ్మమ్మ తప్పు మాటాడుతాదా?’ అని వాడడిగెను. మా యొద్ద సమాధానము లేదు. వాడు మరునాడు పాఠమునకు రాలేదు.

మారిషసు స్థితి దీనికి విలోమము. అచ్చటి జనగణనలో పూర్వుల భాష యేది, ఇంట మాటాడు భాష యేది అని రెండు ప్రశ్నలు వేఱుగ నడుగుదురు. తెలుగు మొదటిదానికి ఉత్తరమైనవారిలో పెక్కురకు రెండవది క్రియోల్. 1947లో ఆంధ్ర మహాసభ వెలసెను. ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు ఐచ్ఛికపాఠ్యమైనది. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నతవిద్యయు కలదు. రామభజనములు, సింహాద్రి అప్పన్న కొలువులు నేటికిని నడచుచున్నవి. అచ్చటి బాలునకు లిపి బడిలో, పాట గుడిలో దొరకును. మాటకు మాత్రము ఇంట తావు లేదు. ఈ సంస్థలవలననే భాష నిలిచినదని కొందఱందురు. నిలిచినది భాషాభిమానమని మా తలంపు. అది చిన్న విషయము కాదు, కాని భాష వేఱు.

ఖరగ్‌పూర్ బాలునకును, మారిషసు బాలునకును ఒకే వాచకమిచ్చుట యుక్తము కాదు. అమెరికా విశ్వవిద్యాలయములు పెక్కు చీనీభాష విషయమున ఈ భేదమును గుర్తించి, ఇంట చీనీ మాటాడి వచ్చిన విద్యార్థులకు కొత్తగ నేర్చువారినుండి వేఱు తరగతి నేర్పఱచినవి. అయితే ఆ పద్ధతి యావత్తు మనకు పనికిరాదు. చీనీ వార్తాపత్రిక చదువుటకు సుమారు మూడువేల లిపిచిహ్నములు కావలెను. మాట వచ్చినంతనే చిహ్నము రాదు. కనుక అచ్చట శ్రమయంతయు లిపిమీదనే. మనకు లిపి శబ్దము ననుసరించును. మన శ్రమ లిపి వచ్చిన తరువాత, ఇంటిమాటకును గ్రంథభాషకును నడుమనున్న యెడములో ఆరంభమగును. పెద్దబాలశిక్ష (1832) నాటి క్రమము, అనగా అక్షరములు, గుణింతములు, ఒత్తులు ముగిసిన పిమ్మటనే వాక్యము, మాట రాని శిశువునకు కాదు, ఊరంతయు మాటాడు శిశువునకై యేర్పడినది. దానినే మారిషసునకు పంపుట బావి లేనిచోట చేద నిచ్చుటవంటిది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషాస్థాన మిచ్చుట కంగీకరించినది. ఉత్తర్వు ఫలించుటకు వాచకము కావలెను. ఆ వాచకమును వ్రాయువారు ఖరగ్‌పూర్ తెలుగువారి వాడలలో కొన్నినెలలు కూర్చుండి వినుట మంచిది. మా వేసవి పాఠములలో ఇపుడు మొదటి రెండువారములు ఎఱ్ఱసిరా వాడుట లేదు. పిల్లలు అమ్మమ్మ చెప్పిన మాటలను చెప్పినట్లే వ్రాసికొందురు; మూడవవారమున ఆ కాగితమునే తీసి, పక్క వరుసలో పుస్తకపు రూపమును వారిచేతనే వ్రాయింతుము.