మంద వెనుక కోడి: కామాటిపుర పూర్వుల పల్లె విద్య

ముంబయి నగరమున నాగ్‌పాడా, కామాటిపురముల పేరు చెప్పినంతనే మన పెద్దలు కట్టిన మేడలు, వేసిన బాటలు స్ఫురించుట సహజము. మహాలక్ష్మి చెంత సముద్రజలము చొచ్చుచుండిన గండి 1784 నాటికి హార్న్‌బీ కట్టతో పూడినది. 1793లో బెలాసిస్ రోడ్డు ఏర్పడినది. 1795 మొదలుకొని తెలంగాణము నుండి వచ్చిన కామాటీలు ఆ పల్లపు నేలపై నివాసము లేర్పరచుకొనిరి. పేటకు వారి పేరే నిలిచినది. తట్ట, గునపము పట్టిన ఆ చేతులు అంతకు పూర్వ మెరిగిన పని ఏది? అనేక కుటుంబములకు అది సేద్యము, పశుపాలనము. మేడల చరిత్రను చెప్పుకొన్నంతగా ఆ విద్యను మనము చెప్పుకొనుట లేదు.

తెలంగాణపు పల్లెలలో కోతలైన పిమ్మట రైతు గొల్లనో, కురుమనో పిలిచి తన చేనిలో మంద పెట్టించును. పగలెల్ల బీళ్ళలో, బంచరాయిలో మేసిన గొఱ్ఱెలు రాత్రికి ఆ చేనిలో పండుకొనును. ఒకటి రెండు రాత్రులకు మంద తావు మార్చుదురు. ఇట్లు కొన్నాళ్ళకు చేనంతయు పెంటికలతోను, మూత్రముతోను బలమెక్కును. కాపరికి రైతు ధాన్యమో, రొక్కమో ఇచ్చును. ఎరువును బండ్ల కెత్తి తోలు శ్రమ లేదు. కుప్పలో ఎండి ఆవిరియైపోవు సారము నేరుగా మంటిలోనికి దిగును.

ఇంటి దొడ్డిలో మరియొక పాఠము జరుగుచుండెడిది. తెల్లవారి పశువులు మేతకు తరలినంతనే ఇల్లాలు గంప ఎత్తి కోళ్ళను విడుచును. అవి కొట్టములోను, పెంటకుప్పపైనను కాళ్ళతో గీరి, పేడలోని పురుగులను ఏరి తినును. రాలిన గింజ వృథా కాదు. ఈగల సంతతి తగ్గును. ఇంటికి గ్రుడ్లు దక్కును. పశువు ముందు, కోడి వెనుక అను ఈ క్రమమును ఎవరును గ్రంథమునుండి నేర్వలేదు. అయితే నక్కకు, గ్రద్దకు వెఱచి కోడిని దూరపు చేలకు పోనీయలేదు. మంద కదలుట చేనిలోను, కోడి గీరుట దొడ్డిలోను ఉండి, ఒకే విద్యలోని రెండు సగములు వేర్వేరుగ నిలిచినవి.

ఆ రెంటిని జోడించి ప్రసిద్ధి కెక్కిన క్షేత్రములలో ఒకటి అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున గలదు. సాలటిన్ కుటుంబము 1961లో కొన్న ఆ పొలమునకు పాలీఫేస్ అని పేరు. అచ్చట జోయెల్ సాలటిన్ పచ్చికబయలును భాగములుగ విభజించి, ఆవులను ఒక భాగమున మేపి మరియొక దానికి తరలించు పద్ధతిని అనుసరించెను. ఆవులు విడిచిన మూడు నాలుగు దినములకు చక్రములుగల కోళ్ళగూటిని అచ్చటికి లాగుకొనిపోవుదురు. అప్పటికి పేడలో ఈగపురుగులు బలిసియుండును. కోళ్ళు వానికై పేడను చెదరగొట్టగా ఎరువు నలుగడల పరచుకొనును. ఆవులు కొరికిన పొట్టి గడ్డిలో కోళ్ళు సులువుగ తిరుగును. పిమ్మట గడ్డి మరల ఎదుగువరకు ఆ భాగమునకు విశ్రాంతి.

ఈ క్రమమువలన రోగభయమును తగ్గును. గొఱ్ఱె కడుపులోని పురుగుల గ్రుడ్లు పెంటికలతో నేలబడి, అనుకూల వాతావరణమున సుమారు వారము దినములలో పిల్లలై తడిగడ్డి పైకి ప్రాకును. మంద అంతకు ముందే తరలినచో అవి గొఱ్ఱె నోట పడుట తగ్గును. వానిలో చాలవరకు కోడి కడుపున బ్రతుకజాలవు. కాని ఒక జాగ్రత్త వలయును: కోళ్ళ దాణాను గొఱ్ఱెలకు అందనీయరాదు. అందు కలుపు రాగి కోడికి పనికివచ్చినను గొఱ్ఱెకు విషము కాగలదు.

మహానగరము ఈ బంధమును తెంచిన విధము మన మెఱుగుదుము. నగరపు తబేలాలలోని గేదెలను తరలించుటకై 1949లో గోరెగావ్ చెంత ఆరే పాల కాలనీ వెలసినది. అచ్చట గేదె బయలున మేయుట గాక, కోసి తెచ్చిన గడ్డిని కొట్టమున తినుట ఆచారమైనది. నగరమునకు పాలు దొరకినవి. కాని పశు వొకచోట, పై రొకచోట, కోడి వేఱొకచోట ఉన్నప్పుడు పేడ ఎరువు గాక చెత్త యగును. పల్లెలకును వేఱు చిక్కు కలదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన పథకము క్రింద ఒక్కొక్కరికి 20 గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతము రాయితీపై ఇచ్చిరి. గొఱ్ఱె దొరకినను మేయుటకు బీడు, మంద పెట్టుటకు చేను ఉండవలెను గదా!

మనలో స్వగ్రామమున ఎకరమో, అరయెకరమో కమతము మిగిలినవారు కొందరు కలరు. అమ్ముట, పడావు పెట్టుట అను రెండు దారులే వారికి తోచుచున్నవి. మూడవ దారియు కలదు. వేసవిలో మంద పెట్టించవచ్చును. తొలకరి పిమ్మట పచ్చిక మొలచినప్పుడు పశువులను వంతులవారీగ మేపి, వెనుకనే కోళ్ళను విడువవచ్చును. రాత్రికి గట్టి గూడు, పగలు ఒక మనిషి కాపు ఉండవలెను. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు ఇందులకు పనికివచ్చును.

భూమి లేనివారికిని ఒక బాధ్యత కలదు. కాపరి ఎన్ని మానికల జొన్నలు పుచ్చుకొనెడివాడో, మందను ఎన్ని రాత్రులకు కదపెడివాడో చెప్పగల అవ్వలు, తాతలు చాళ్ళలో నానాటికి తగ్గిపోవుచున్నారు. వారు చెప్పునది విని, ఊరి పేరుతో సహా వ్రాసి ఉంచుట ఈ తరమువారి పని. కట్టిన మేడకు రాతిపలక సాక్ష్యము. ఈ విద్యకు వారి మాటయే సాక్ష్యము.