చిలకలో ప్రాణం, గడ్డంలో శక్తి

మాయల ఫకీరు ప్రాణం అతని ఒంట్లో ఉండదు. ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. బుర్రకథలో బాలనాగమ్మను విన్న పిల్లలెవరూ ఆ చిలకను మరిచిపోరు. ఫకీరు ఎందుకు అంత దుర్మార్గుడయ్యాడన్నది మాత్రం ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. అందమైన ఆడదాన్ని ఎత్తుకుపోయాడు, ఆమె మగణ్ణి రాయిని చేశాడు. కథకుడికి అంతే చాలు. బాలనాగమ్మ నోము సాకుతో గడువు నెట్టుకొస్తుంది, ప్రాణరహస్యం రాబడుతుంది. కొడుకు బాలవర్ధిరాజు వెళ్లి చిలకను పట్టుకుంటాడు. ఫకీరు మనసులోకి కథ తొంగిచూడనే చూడదు. ఆ చోటంతా చిలకదే.

1942లో జెమినీ వారి 'బాలనాగమ్మ'లో గోవిందరాజుల సుబ్బారావు ఈ మాంత్రికుడికి ఒళ్లూ గొంతూ ఇచ్చారు. అసలు మలుపు 1951లో వచ్చింది. కె.వి.రెడ్డి తీసిన 'పాతాళభైరవి'కి కథ, మాటలు పింగళి నాగేంద్రరావువి. అందులో ఎస్.వి.రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడికి ఒక పని ఉంది. పాతాళభైరవి అనుగ్రహం కావాలంటే సాహసి అయిన యువకుణ్ణి బలివ్వాలి. అందుకే తోట రాముణ్ణి వెతికి పట్టుకుంటాడు, ఊరిస్తాడు, 'డింభకా' అంటూ ముద్దుగా పిలుస్తాడు. హీరో లేకపోతే అతని పనే సాగదు. శక్తి గడ్డంలో దాగడం పాత చిలక పద్ధతే. అయినా ప్రేక్షకుడికి గుర్తుండిపోయింది ఆ మనిషి ఆశ, మాటతీరు, తొందరపాటు.

పిల్లల పత్రిక చందమామ దారి వేరు. 1954 జనవరిలో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 1978 దాకా దాసరి సుబ్రహ్మణ్యం పన్నెండు సీరియళ్లు రాశారు. పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం అన్న పేర్లకే పిల్లల ఒళ్లు జలదరించేది. నెలనెలా ఒక గండం దగ్గర కథ ఆగాలి. దాంతో దుష్టపాత్రకు ఎదిగే తీరిక దొరకలేదు. ఈ నెల మాంత్రికుడైతే పై నెల రాక్షసుడు, ఆ పైన కొండజాతి నాయకుడు. సాహసవీరులూ జంటలుగానే వచ్చేవారు. శిఖిముఖి చేసే సాహసాన్ని విక్రమకేసరి చేసినా కథకు పెద్ద తేడా పడదు. ఈ లోటును చాలావరకు పూడ్చింది బొమ్మలు వేసిన చిత్రా కుంచె. గుహలో పొంచి ఉన్నవాడి కళ్లు ఆయన బొమ్మలో చూశాక వాడి గతం అడగాలని పిల్లలకు తోచేది కాదు.

అదే పత్రికలో మరో విచిత్రం జరిగింది. సోమదేవుడి కథాసరిత్సాగరంలో బేతాళకథలు ఇరవై అయిదే. శవాన్ని తెమ్మన్న భిక్షువు క్షాంతిశీలుడు రాజునే బలివ్వాలని చూస్తాడని చివర్లో బయటపడుతుంది. ఆ మాయావి పథకమే కథలన్నిటినీ కట్టిన దారం. చందమామలో బేతాళకథలు దశాబ్దాలపాటు నడిచాయి. పాతికతో ఆపితే పత్రికకు గడవదు. చివర లేదు కనుక భిక్షువుకు రంగం మీదికి వచ్చే అవకాశమూ లేదు. విక్రమార్కుడు మౌనం వీడటం, శవం చెట్టెక్కడం, మళ్లీ భుజాన వేసుకోవడం. పత్రిక ఆగిపోయేనాటికీ శవం ఇంకా శ్మశానం దాటలేదు, క్షాంతిశీలుడు ఎదురుచూస్తూనే ఉన్నాడు.