పెన్నాలో గాలపు వేట

కడప జిల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో పెన్నా, చిత్రావతి నదుల్లోనూ, వాటిమీద కట్టిన జలాశయాల్లోనూ, ఊరి చెరువుల్లోనూ గాలం వేసి చేపలు పట్టే వేట ఇది. వలతో పోలిస్తే గాలం ఎప్పుడూ చిన్నదే. బెస్తలకు వల బతుకుతెరువు. గాలం మాత్రం పిల్లలది, తీరిక ఉన్న రైతుది, కూర కోసం ఏటికి పోయినవాడిది. ఉష్ణమండల సముద్ర తీరాల్లో మోకాటి లోతు ఉప్పునీళ్ళలో సాగే ఫ్లై ఫిషింగ్ లక్షల రూపాయల విహారంగా ఎదిగింది. కడపలో ఆ జాతి వినోదం ఏదీ వేళ్ళూనలేదు. దానికి కారణం నీళ్ళే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక తేలి ఉండే ఏట్లో చేప ఎక్కడ నిలుస్తుంది? ఈ ప్రాంతంలో నీళ్ళను ఎవరు, ఎప్పుడు, ఎక్కడ నిలబెట్టారో దాన్నిబట్టే గాలం చరిత్ర నడిచింది.

నది, మడుగులు

పెన్నా కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. పరీవాహక ప్రాంతం 55 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అయినా వానలు తక్కువగా పడే రాయలసీమ గుండా పారే నది కావడంతో దీనికి జీవనది లక్షణం లేదు. గండికోట గండిలో ఎర్రరాతి గోడల నడుమ ఒదిగి, జమ్మలమడుగు దాటాక ఇసుకలో పరుచుకుంటుంది. గండికి ఎగువన చిత్రావతి, ప్రొద్దుటూరుకు దిగువన కుందూ, పాపాఘ్ని వచ్చి కలుస్తాయి. వరద వచ్చిందంటే ఒడ్డు తెలియదు. 2021 నవంబరులో పాపాఘ్ని మీద కమలాపురం వంతెన కూలిపోయింది. వరద తీశాక మిగిలేవి మడుగులు. పాత రోజుల్లో గాలం వేసే చోట్లంటే ఈ మడుగులూ, ఊరి చెరువులే.

మడుగు ఎండుతూ వస్తుంటే అందులో ఏ చేప మిగులుతుందో వేటగాడికి లెక్క ఉంటుంది. కొర్రమీను, మార్పు, ఇంగిలీకం నీటిపైకి వచ్చి గాలి పీల్చగలవు. ప్రాణవాయువు తగ్గిన బురదనీళ్ళలో కూడా బతుకుతాయి. లోతు మడుగుల్లో వాలుగ, రాళ్ళ సందుల్లో బొమ్మిడాయి, అంచుల వెంట పక్కెలు, జెల్లలు. గాలం సరంజామా మొన్నమొన్నటిదాకా చాలా సాదా. వెదురు కర్ర, పేనిన నూలు దారం, జీలుగ బెండు గానీ నెమలీక కాడ గానీ, ఇనుప కొక్కెం, చివర చిన్న సీసపు గుండు. నైలాన్ దారం వచ్చాక నూలు పోయింది, తక్కినవి పెద్దగా మారలేదు. జెల్లకూ పక్కెకూ ఎర్రలు, గడ్డిమేతకు అలవాటు పడ్డ చేపలకు తవుడుముద్ద, రాగిపిండి ముద్ద. వాలుగకు మాత్రం పగటి గాలం పనికిరాదు. పొడుగు తాడుకు వరసగా కొక్కేలు కట్టి, చిన్న చేపలు గుచ్చి, రాత్రంతా వదిలి తెల్లారి లాగుతారు.

కొర్రమీను వేట వేరే విద్య. ఈ చేప పిల్లల్ని కాపలా కాస్తుంది. ఎర్రని పిల్లల గుంపు నీటిపైన మసలుతుంటే తల్లీతండ్రీ కిందే తిరుగుతుంటాయి. వేటగాడు ఒడ్డున కదలకుండా నిలబడి, ఆ గుంపును కళ్ళతో చూసి, బతికిన కప్పను గుచ్చిన గాలాన్ని సరిగ్గా దాని అంచున పడేలా విసురుతాడు. ఆకలి ఉన్నా లేకపోయినా, పిల్లల జోలికి వచ్చినదాన్ని పెద్ద చేప కోపంతో కొడుతుంది. చేపను ముందు చూసి తర్వాత గాలం వేసే పద్ధతికి ఈ సీమలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. నేర్పు గొప్పదే, ఫలితం మాత్రం దారుణం: కాపలా పోయిన పిల్లలు పొద్దు గూకేలోపు ఇతర చేపల పాలవుతాయి.

రాజుల గాలం

భారతదేశంలో గాలపు వేటను వినోదంగా, ఒక పద్ధతిగా వివరించిన పాత గ్రంథం దక్కనులోనే పుట్టింది. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దం తొలి భాగంలో రాసిన సంస్కృత గ్రంథం 'మానసోల్లాసం'లో మత్స్యవినోదమనే భాగం ఉంది. చేపల పేర్లు, అవి సముద్రానివా ఏటివా, పొలుసు ఉన్నవా లేనివా, దేనికి ఏ ఎర, మేత పెట్టి ఎలా మచ్చిక చేయాలి అన్నవి అందులో ఉన్నాయి. తెలుగు నేలలో చాలా భాగం కల్యాణి ఏలుబడిలో ఉన్న కాలం అది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా డైరెక్టరుగా పనిచేసిన సుందర్‌లాల్ హోరా 1951లో ఈ భాగం మీద పరిశోధన వ్యాసం ప్రకటించాకే మత్స్యశాస్త్రవేత్తల దృష్టి దానిమీద పడింది. రాజు కూర్చుని వినోదించే వేటకు కావలసింది నిండిన తటాకం. చేప వినోదం కావాలంటే మొదట నీళ్ళు నిలవాలన్న సంగతి అప్పటికే స్పష్టం.

కడప సీమలో ఆ పని విజయనగర కాలంలో పెద్దఎత్తున జరిగింది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో కట్టించిన పోరుమామిళ్ళ చెరువు శాసనం ఇందుకు ప్రసిద్ధ సాక్ష్యం. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అది చెబుతుంది. మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలనూ లెక్కపెట్టి చెబుతుంది. చెరువు ఉన్నచోట చేపల హక్కు పుట్టింది. ఊరి చెరువు చేపలను ఏడాదికింతని గుత్తకు ఇవ్వడం తర్వాతి కాలంలో మామూలైంది. గుత్త తీసుకున్నవాడు వల వేస్తాడు. గాలం పిల్లవాణ్ణి చూసీచూడనట్టు వదిలేస్తాడు, ఒక్కోసారి తరుముతాడు.

తెల్లదొరల గాలం, కాలువ నీళ్ళు

గాలాన్ని పుస్తకాల్లోకి, చట్టాల్లోకి ఎక్కించింది మద్రాసు ప్రెసిడెన్సీ. సైనిక వైద్యుడు ఫ్రాన్సిస్ డే ఇక్కడి చేపల మీద మొదలుపెట్టిన పని 1870లలో 'ది ఫిషెస్ ఆఫ్ ఇండియా'గా వెలువడింది. 1873 నాటి ఆయన నివేదిక కలెక్టర్లు, తహశీల్దార్లు పంపిన జవాబుల మీద ఆధారపడింది. సన్నకన్ను వలలు, నీళ్ళలో విషం కలపడం, ఆనకట్టలు ఎగబాకలేక ఆగిపోయే చేపలు ఆయన ప్రధాన ఫిర్యాదులు. అదే 1873లో మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 'ది రాడ్ ఇన్ ఇండియా' రాశాడు. 1887లో 'ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా' వచ్చింది. ఈ రెండో పుస్తకానిది ఇక్కడి చెరువులకు దగ్గరి విషయం: హిమాలయ ఏరుల మీద మోజు పడే దొరలకు దక్షిణాది చెరువు కూడా చాలునని ఆయన వాదం. అయినా ఆ వినోదం కంటోన్మెంట్లూ కొండ విడుదులూ ఉన్నచోటే పట్టు దొరకబుచ్చుకుంది. కడప ఎండల్లో గాలం పట్టుకుని కూర్చునే ఓపిక ఏ దొరకు ఉంటుంది?

ఈ కాలంలో జిల్లా చేపలకు అసలు మార్పు తెచ్చింది కె.సి. (కర్నూలు–కడప) కెనాల్. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో కర్నూలు దగ్గర సుంకేసుల నుంచి కడప దాకా తవ్విన ఈ కాలువ మొదట పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించింది. కంపెనీ నష్టపోయి 1882లో ప్రభుత్వపరమైంది. ప్రొద్దుటూరు వైపు పొలాలకు దీంతో తుంగభద్ర నీళ్ళు చేరాయి. కృష్ణా పరీవాహకపు నీరు పెన్నా పరీవాహకంలోకి ఇలా మొదటిసారి వచ్చింది. నీటితో పాటు చేపకూ దారి తెరుచుకుంది. తర్వాత మద్రాసు మత్స్యశాఖ తొలినాళ్ళలో నడిపిన చేపల క్షేత్రాల్లో ఒకటి ఆ కాలువ తల దగ్గరి సుంకేసులలోనే ఉండేది. ఆ శాఖకు 1905 తర్వాత పునాది వేసిన ఫ్రెడరిక్ నికల్సన్ అంతకుముందు సహకార పరపతి మీద నివేదిక రాసి, దేశంలో సహకారోద్యమానికి దారి వేసినవాడే. మత్స్యకార సహకార సంఘాల వెనుక ఆయన ఆలోచనలు రెండూ కనిపిస్తాయి. డే ఫిర్యాదు చేసిన విషంతోనూ, మందుగుండుతోనూ చేపలు చంపడాన్ని అంతకుముందే 1897 నాటి చేపల చట్టం నిషేధించింది.

ఉప్పునీళ్ళలో ఫ్లై ఫిషింగ్

మొదట చెప్పిన ఫ్లై ఫిషింగులో ఎర ఉండదు. ఈకలు, బొచ్చు, దారంతో పురుగులాగానో రొయ్యలాగానో చుట్టిన కొక్కెం మాత్రమే. అది గాలికి తేలేంత తేలిక కాబట్టి విసరడానికి బరువు దారంలోనే పెడతారు. మాసిడోనియా ఏట్లో ఎర్ర ఉన్ని, కోడి ఈకలు చుట్టిన గాలం గురించి రోమన్ రచయిత ఏలియన్ క్రీస్తుశకం 200 ప్రాంతంలోనే రాశాడు. సముద్రంలోకి మాత్రం ఇది చాలా ఆలస్యంగా దిగింది. అమెరికాలో ఫ్లోరిడా దీవుల మెరక నీళ్ళలో బోన్‌ఫిష్ అనే చేపను ఫ్లైతో పట్టడం 1920లలో లాంగ్ కీ విడిదిలో జరిగిందంటారు. ఆ విడిది 1935 తుపానులో కొట్టుకుపోయింది. కావాలని, చూసి, ఫ్లైతోనే పట్టి దానికి ప్రచారం తెచ్చింది 1947లో జో బ్రూక్స్, ఆయన పడవ నడిపిన జిమ్మీ ఆల్‌బ్రైట్. తుప్పు పట్టని రీళ్ళు, ఫైబర్‌గ్లాస్ కర్రలు, నైలాన్ దారం అప్పుడప్పుడే అందుబాటులోకి వస్తున్నాయి. 1974లో లెఫ్టీ క్రే రాసిన పుస్తకం ఆ విద్యను ఇంటింటికీ చేర్చింది. తర్వాత బహామాస్, బెలీజ్, కిరిబాటిలోని క్రిస్మస్ దీవి, సేషెల్స్ పగడపు దీవులు వారం రోజుల విడుదులకు పేరుపడ్డాయి.

ఆ వారం ఎప్పుడు పెట్టుకోవాలో చంద్రుడు చెబుతాడు. అమావాస్య, పున్నములకు పోటు పెద్దది. సప్తమి, అష్టముల్లో చిన్నది. పోటు ఎక్కుతుంటే బోన్‌ఫిష్, పర్మిట్, జెయింట్ ట్రెవల్లీ రొయ్యలూ పీతల కోసం మెరక మీదికి వస్తాయి, ఆటు తీస్తే లోతుకు జారుకుంటాయి. వేటగాడు మోకాటి లోతు నీళ్ళలో నడుస్తూ, ఇసుక మీద చేప నీడను చూసి, దాని ముందు ఫ్లై పడేస్తాడు. పట్టిన చేపను చాలాచోట్ల వదిలేస్తారు. రాగిసంగటిలోకి చేపల పులుసు కోరుకునే ఇంట్లో ఈ మాట చెబితే నవ్వుతారు. చూసి వేయడమన్న ఒక్క విషయంలో ఈ వేట మడుగులో కొర్రమీను వేటకు సొంత చుట్టమే. తేడా నీళ్ళ రాకలో ఉంది: అక్కడ రోజుకు రెండుసార్లు వచ్చి పోతాయి, పెన్నాలో వానను బట్టి.

భారతదేశంలో ఈ వేటకు తగిన పగడపు మెరకలు లక్షద్వీప్, అండమాన్‌లలో ఉన్నాయి. అండమాన్ నీళ్ళలో జెయింట్ ట్రెవల్లీ కోసం విదేశీ వేటగాళ్ళు వస్తుంటారు. అక్కడ స్థిరపడ్డ మత్స్యకారుల్లో శ్రీకాకుళం, విశాఖ తీరాల తెలుగువాళ్ళు ఎందరో. ఆంధ్ర తీరంలో అలాంటి పగడపు మెరకలు లేవు గానీ నదీముఖాలు, పులికాట్ ఉప్పుటేళ్ళు ఉన్నాయి. ఫ్లైని కొట్టే చేపగా ప్రపంచమంతా పేరున్న పండుగప్ప అక్కడ వలవాళ్ళ చేప.

జలాశయాల కాలం

స్వాతంత్ర్యం తర్వాత తుంగభద్ర ఎగువ కాలువ రెండో దశలో జమ్మలమడుగు దగ్గర పెన్నా మీద మైలవరం, పులివెందుల నీళ్ళ కోసం చిత్రావతి మీద పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు వచ్చాయి. ఒక్కోదాని సామర్థ్యం 10 టీఎంసీల మేర. అప్పటిదాకా వేసవిలో మడుగుకు కుదించుకుపోయే చేపకు వాటితో ఏడాది పొడుగునా తావు దొరికింది, అది కూడా ఎగువ నుంచి నీళ్ళు వచ్చిన ఏడు. తర్వాతది గాలేరు–నగరి పథకం. శ్రీశైలం వెనుక నీళ్ళు పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా వచ్చి గండికోట జలాశయంలో చేరతాయి. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. కొండాపురం, తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు మునిగాయి. ఇప్పుడు వల తిరిగే చోట కొంతకాలం కిందట ఇళ్ళూ చీనీతోటలూ ఉండేవన్న సంగతి ఈ నీళ్ళ గురించి రాసేటప్పుడు వదిలేయడం సరికాదు. గండికోట నుంచి ఎత్తిపోతలతో పైడిపాలెం జలాశయానికీ, చిత్రావతి జలాశయానికీ నీళ్ళు వెళ్ళడంతో పులివెందుల వైపు కూడా చేపకు నిలకడ చిక్కింది.

ఈ నీళ్ళలో చేపల వరస కూడా మారింది. హీరాలాల్ చౌధురి 1957 జులై 10న ఒడిశాలో పిట్యూటరీ స్రావం ఎక్కించి కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించాక, చేపపిల్లల కోసం నదుల వెంట తిరిగే అవసరం తగ్గింది. మత్స్యశాఖ జలాశయాల్లో బొచ్చె, రాగండి, మోసు పిల్లల్ని వదలసాగింది. బంగారుతీగ, జనం జిలేబి అనే తిలాపియా కూడా స్థిరపడ్డాయి. 1952లో దేశంలోకి తెచ్చిన తిలాపియా ఎక్కడ పడితే అక్కడ పెరుగుతుంది. గాలానికి తేలిగ్గా తగులుతుంది కాబట్టి పిల్లలకు ఇష్టం, తక్కిన చేపల గూళ్ళు చెడగొడుతుంది కాబట్టి వలవాళ్ళకు చిరాకు. జలాశయాల్లో వేటకు మత్స్యశాఖ లైసెన్సు కావాలి. సహకార సంఘాల సభ్యులు పుట్టిల మీద తిరిగి వలలు కడతారు. గాలం వేసేవాళ్ళు కట్ట రాళ్ళ మీద, కాలువ తూముల కింద, వంతెనల దగ్గర కనిపిస్తారు. ఇప్పుడు వాళ్ళ చేతుల్లో వెదురుకు బదులు స్పిన్నింగ్ రాడ్, ఎర్రకు బదులు రబ్బరు కప్ప కూడా ఉంటున్నాయి. ఆ రబ్బరు కప్ప పనిచేసేది ఇంకా కొర్రమీను కోపం మీదే.

పెన్నా మీద ఇంకా దిగువన సోమశిల ఆనకట్ట, నెల్లూరు, సంగం బ్యారేజీలు ఉన్నాయి. ఊటుకూరు మొగ దగ్గర ఉప్పునీళ్ళకూ మంచినీళ్ళకూ మధ్య తిరిగే పండుగప్పకు, కొయ్యింగకు ప్రొద్దుటూరు దాకా దారి లేదు. జమ్మలమడుగు కట్ట మీద గాలానికి పడేది పైనుంచి వచ్చిన కృష్ణ చేపా, హేచరీలో పుట్టి లారీలో వచ్చిన చేపా, లేదంటే మడుగుల కాలం నుంచి ఇక్కడే ఉన్న కొర్రమీనూ.