మంచులో త్రవ్విన బావి

బావి త్రవ్వుట యెట్టిదో గ్రామపెద్దలగు మీకు నేను చెప్పవలసిన పనిలేదు. మొదట మన్ను, పిదప మొరము, ఆపైని రాయి; అదృష్టము బాగున్నచో రాతిసందున ఊట. హైదరాబాదు పాతబస్తీలోని మా సంతోష్‌నగరునందును నేల వరుస యిట్టిదే. కాని నూరు మీటర్లు దాటి త్రవ్వినను నీటిచుక్క చిమ్మని నేల ఉత్తరదేశములందు కలదు. దాని చరిత్రమును నేడు మీకు విన్నవింతును.

రష్యాలోని సైబీరియా ప్రాంతమున, లేనా నదీతీరమున యాకుత్స్క్ అను పట్టణమున్నది. అచట రష్యా-అమెరికా కంపెనీ ఉద్యోగియగు షెర్గిన్ అనునతడు 1828లో నీటికై బావి త్రవ్వింప మొదలిడెను. మట్టి గడ్డకట్టి రాతివలె నుండెను. ఏండ్లు గడచినవి. 1837 నాటికి లోతు 116 మీటర్లు, అనగా మన లెక్కను ఇంచుమించు 64 నిలువులయ్యెను. నీరు మాత్రము పడలేదు. పిమ్మట 1840 దాటిన కొలది యేండ్లకు మిడెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుడు ఆ గోతిలో ఉష్ణమాపకములుంచి కొలువగా, అడుగునను నేల గడ్డకట్టియే యున్నట్లు తేలెను. ఊరివారు చలికాలమున మంచుగడ్డలు కోసి దాచుకొని, వానిని కరగించి త్రాగుచుండెడివారు. దాహము తీర్పని యా బావి శాస్త్రమునకు మాత్రము మేలుచేసినది.

వరుసగా రెండేండ్లైనను కరగక గడ్డకట్టియుండు ఇట్టి నేలను నిత్యహిమభూమి యందురు. వేసవిలో దాని పైపొర మాత్రమే కరగును. క్రిందిమంచు పళ్ళెమువలె అడ్డుపడుటచే నీరు లోనికింకక మడుగులై నిలుచును. వానలు తక్కువయైనను ఆ సీమలో సరస్సులు విస్తారముగా నుండుటకు కారణమిదియే. మంచు క్రిందను నీరుండవచ్చును. కాని పైనీటికిని దానికిని రాకపోకలు స్వల్పము.

లోకము వేడెక్కుటచే ఆ పళ్ళెమిపుడు కరగుచున్నది. మొదట నేల క్రుంగి క్రొత్త మడుగులేర్పడును. మంచు అడుగుదాక కరగినచోట సరస్సు నీరు భూమిలోనికి జారిపోవును. సైబీరియాలోని యొక విశాలభాగమును ఉపగ్రహచిత్రములతో పరిశీలింపగా, 40 హెక్టారులకు మించిన సరస్సులు 1973లో 10,882 ఉండగా, 1997-98 నాటికి 9,712 అయినవి. 125 సరస్సులు పూర్తిగా మాయమైనవి. మంచు దట్టముగానున్న చోట్ల మాత్రము సరస్సుల వైశాల్యము పెరిగినది. ఒకే కారణము ఒకచోట నీటిని పెంచి, వేరొకచోట హరించుచున్నది. నీటి గుణమును మారుచున్నది: అలాస్కాలోని బ్రూక్స్ పర్వతములలో 75 ఏరులైనను నారింజవన్నెకు తిరిగినవని 2024లో వెల్లడియైనది. మంచునుండి విడివడిన ఖనిజములనుండి యినుము ఏటిలోనికి దిగుటయే దీనికి కారణమని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు.

ఈ మంచుకథ మనకేల యందురేమో! మన నేలక్రిందను పళ్ళెమొకటి కలదు. అది గ్రానైటు రాయి. హైదరాబాదున 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలసి, మా పేటకు దక్షిణమున నున్న మహేశ్వరము ప్రాంతమును శోధించిరి. పైని శిథిలమైన రాతిపొర, దాని క్రింద పగుళ్ళపొర, అంతకు దిగువ గట్టిరాయి. పెద్దలనాటి దిగుడుబావులు పైపొర నీటితో నిండెడివి. మోటబావులు పోయి బోర్లు మితిమీరిన పిదప ఆ పొర చాలవరకెండినది. ఇపుడు బోర్లు పగుళ్ళలోని కొలదినీటిని తోడుచున్నవి. పగుళ్ళు దాటినచో ఎంత డబ్బు పోసినను షెర్గిన్‌వలె వట్టిగోయి త్రవ్వుటయే యగును.

మంచు కరగుటను ఆ సీమవాసులొక్కరే ఆపలేరు. మన పైపొరను తిరిగి తడుపుట కొంతవరకు మన చేతిలోనే యున్నది. చెరువున నిలిచిన నీరే మెల్లగా ఇంకి దిగువ బావులను చేరును. కావున క్రొత్తబోరునకు సొమ్ము కూర్చుటకు ముందు, మీ యూరి చెరువుకట్టయు, దానికి నీరు తెచ్చు కాలువయు ఏ స్థితిలో నున్నవో ఒకపరి నడచి చూడుడని నా మనవి.