విదేశాల్లో డ్రైవింగ్: బండి అద్దెకిచ్చారంటే నడపొచ్చని కాదు.. ఫ్లైట్ ఎక్కేముందే ఇవి తెలుసుకోండి

విదేశీ టూర్లకు వెళ్తున్న తెలుగువాళ్లలో సొంతంగా బండి నడుపుకుంటూ తిరగాలనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఫుకెట్‌లోనో, డా నాంగ్‌లోనో స్కూటర్ అద్దెకు తీసుకోవడం చాలా తేలిక. డబ్బులిస్తే తాళం చేతిలో పెడతారు. కొన్ని షాపుల్లో లైసెన్స్ కూడా అడగరు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. షాపువాడు బండి ఇచ్చినంత మాత్రాన ఆ దేశ చట్టం ఒప్పుకున్నట్టు కాదు. చెల్లే లైసెన్స్ లేకుండా నడిపి ప్రమాదం జరిగితే పోలీసు కేసుతో పాటు ఆస్పత్రి బిల్లు కూడా మీ నెత్తిన పడొచ్చు. ఎందుకంటే చాలా ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలు చట్టబద్ధమైన లైసెన్స్ ఉంటేనే డబ్బు చెల్లిస్తాయి.

ఐడీపీ అంటే ఏంటి?

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌నే ఐడీపీ అంటారు. ఇది విడిగా ఇచ్చే లైసెన్స్ కాదు. మన లైసెన్స్‌లోని వివరాలను ఇతర దేశాల అధికారులు అర్థం చేసుకునేలా చూపించే పత్రం. అందుకే ఒరిజినల్ లైసెన్స్ కార్డు కూడా వెంట ఉండాలి. ఐడీపీ ఒక్కటే చూపిస్తే చెల్లదు. డిజీలాకర్‌లోని కాపీ మన దేశంలో పనికొస్తుంది కానీ, విదేశాల్లో దాన్ని నమ్ముకోవద్దు.

1949 జెనీవా రోడ్డు రవాణా ఒప్పందం కింద భారత్ ఈ పర్మిట్ ఇస్తుంది. రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. గడువు ఉన్న లైసెన్స్, పాస్‌పోర్ట్, వీసా కాపీలు, ఫొటోలు సిద్ధంగా పెట్టుకోవాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు రూ.1,000. సర్వీస్ చార్జీలు అదనం. పర్మిట్ ఏడాది పాటు చెల్లుతుంది. ఈలోపే లైసెన్స్ గడువు ముగిస్తే పర్మిట్ గడువు కూడా అక్కడితో ముగుస్తుంది. దేశమంతా ఒకే నమూనాలో ఐడీపీ ఇవ్వాలని, దానిపై క్యూఆర్ కోడ్ ఉండాలని 2022లో కేంద్రం నిబంధనలు మార్చింది. 'ఇంటర్నేషనల్ లైసెన్స్ గంటలో ఇస్తాం' అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే కార్డులకు చట్టపరంగా విలువ లేదు.

కారు లైసెన్స్‌తో స్కూటర్ నడపొచ్చా?

నడపకూడదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఐడీపీలో ఏ వాహనానికి అనుమతి ఉందో విడివిడిగా ఉంటుంది. 'ఏ' అంటే మోటార్‌సైకిల్, 'బి' అంటే కారు. మన లైసెన్స్‌లో ఎల్‌ఎంవీ మాత్రమే ఉంటే ఐడీపీలో కారుకే అనుమతి వస్తుంది. దాంతో 125 సీసీ స్కూటర్ నడిపితే లైసెన్స్ లేనట్టే లెక్క. కాబట్టి ఐడీపీ చేతికి రాగానే ఏ విభాగానికి అనుమతి ఇచ్చారో చూసుకోవాలి. టూవీలర్ లైసెన్స్ లేకపోతే ముందు ఇక్కడ తీసుకుని, ఆ తర్వాతే ఐడీపీకి వెళ్లాలి.

థాయిలాండ్

మనలాగే రోడ్డుకు ఎడమవైపే నడపాలి. భారత్ ఇచ్చే ఐడీపీ ఇక్కడ చెల్లుతుంది. అయితే స్కూటర్‌కు మోటార్‌సైకిల్ విభాగం తప్పనిసరి. నడిపేవాళ్లతో పాటు వెనక కూర్చున్నవాళ్లూ హెల్మెట్ పెట్టుకోవాల్సిందే. ఫుకెట్, కో సముయ్‌ లాంటి చోట్ల కొండ మలుపులు ఎక్కువ. వాన పడితే రోడ్డు జారుతుంది. కొత్తగా స్కూటర్ నేర్చుకునేవాళ్లు అక్కడ ప్రయోగాలు చేయొద్దు.

అద్దె షాపులో పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టమంటే ఒప్పుకోవద్దు. బండికి చిన్న గీత పడినా వాళ్లు అడిగినంత ఇచ్చేదాకా పాస్‌పోర్ట్ వెనక్కి రాకపోవచ్చు. కాపీ ఇచ్చి, నగదు డిపాజిట్ కట్టే షాపు చూసుకోవాలి. బండి తీసుకునేటప్పుడే నాలుగు వైపులా వీడియో తీసుకుంటే పాత గీతలకు మీరు డబ్బు కట్టాల్సిన అవసరం రాదు.

వియత్నాం

ఇక్కడ పరిస్థితి పూర్తిగా వేరు. వియత్నాం 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్లనే గుర్తిస్తుంది. మనకు ఇచ్చేది 1949 ఒప్పందం కిందది. అంటే ఆర్టీఏ ఆఫీసులో పద్ధతిగా తీసుకున్న ఐడీపీ ఉన్నా సరే, 50 సీసీ దాటిన స్కూటర్ లేదా కారు నడిపితే అక్కడ లైసెన్స్ లేనట్టే చూస్తారు. 'అందరూ నడుపుతున్నారు, ఎవరూ ఆపట్లేదు' అనే మాట నమ్మి రోడ్డెక్కితే ప్రమాదం జరిగిన రోజు మాత్రం చట్టమే మాట్లాడుతుంది.

దీనికితోడు అక్కడ మద్యం విషయంలో అనుమతించే పరిమితి సున్నా. ఒక్క బీరు తాగినా నేరమే. 2025 జనవరి నుంచి ట్రాఫిక్ జరిమానాలను కూడా బాగా పెంచారు. డ్రైవర్‌తో కారు మాట్లాడుకోవడం, లేదా గ్రాబ్ యాప్‌లో బండి బుక్ చేసుకోవడం మేలు. కొండదారుల్లో తిరగాలనుకుంటే స్థానికులు నడిపే బైక్ వెనక కూర్చుని వెళ్లే టూర్లు ఉంటాయి. చైనాలో కూడా ఐడీపీ చెల్లదు.

దుబాయ్, అబుదాబి

టూరిస్ట్ వీసాపై వెళ్లినవాళ్లు మన లైసెన్స్, ఐడీపీ రెండూ చూపించి కారు అద్దెకు తీసుకోవచ్చు. ఉద్యోగం చేస్తూ రెసిడెన్స్ వీసా ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. వాళ్లు అక్కడి లైసెన్స్ తీసుకోవాల్సిందే. గల్ఫ్‌లో ఉండే బంధువులను చూడ్డానికి వెళ్లేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

రోడ్లపై రాడార్ కెమెరాలు ఎక్కువ. దుబాయ్‌లో బోర్డుపై ఉన్న వేగానికి మించి 20 కిలోమీటర్ల దాకా మినహాయింపు ఉందన్న అలవాటుతో అబుదాబిలో నడపొద్దు. అక్కడ 2018లోనే ఆ మినహాయింపు తీసేశారు. సిగ్నల్ జంప్ చేస్తే జరిమానా 1,000 దిర్హమ్‌లు. పైగా బండి కూడా సీజ్ చేస్తారు. జరిమానాలు, సాలిక్ టోల్ చార్జీలు మొదట అద్దె కంపెనీకి వెళ్తాయి. ఆ తర్వాత మీ కార్డు నుంచి కట్ అవుతాయి. మద్యం తాగి నడిపితే ఏమాత్రం మినహాయింపు లేదు. చిన్న గీత పడినా పోలీస్ రిపోర్ట్ తీసుకోవాలి. అది లేకుండా గ్యారేజీల్లో రిపేర్ చేయరు.

అమెరికా

ఇక్కడ రూల్స్ రాష్ట్రాన్ని బట్టి మారతాయి. విజిటర్‌గా వెళ్లినవాళ్లకు ఇంగ్లిష్‌లో ఉన్న మన లైసెన్స్ చాలా రాష్ట్రాల్లో చెల్లుతుంది. కొన్నిచోట్ల ఐడీపీ కూడా అడుగుతారు. కాబట్టి రెండూ ఉంచుకోవడమే మంచిది. పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు వాళ్ల కారు నడపాలనుకుంటే, ఆ కారు ఇన్సూరెన్స్ మీకు వర్తిస్తుందో లేదో కంపెనీకి ఫోన్ చేసి అడగమనండి. ఎదుటివాళ్లకు గాయాలైతే వచ్చే ఆస్పత్రి ఖర్చు ఒక కుటుంబం జీవితాంతం దాచుకున్న సొమ్మును మించిపోవచ్చు.

మన దగ్గర లేని అలవాట్లు కొన్ని ఇక్కడ తప్పనిసరి.
* స్టాప్ బోర్డు దగ్గర ఎవరూ లేకపోయినా పూర్తిగా ఆగాలి. నాలుగు వైపులా స్టాప్ ఉంటే ముందు వచ్చినవాళ్లు ముందు వెళ్తారు.
* స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉంటే వెనకున్నవాళ్లు ఆగాలి. డివైడర్ లేని రోడ్డుపై ఎదురుగా వచ్చేవాళ్లూ ఆగాలి.
* రెడ్ సిగ్నల్ ఉన్నా, పూర్తిగా ఆగి చూసుకుని కుడివైపు తిరగొచ్చు. వద్దని బోర్డు ఉంటే తిరగకూడదు. న్యూయార్క్ సిటీలో బోర్డు పెట్టి అనుమతించిన చోట తప్ప కుదరదు.
* పోలీసులు ఆపితే మన దగ్గరలా కారు దిగి వాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. కుడివైపు పక్కకు ఆపి, చేతులు స్టీరింగ్‌పై కనపడేలా పెట్టుకుని కూర్చోవాలి. వాళ్లు అడిగాకే కాగితాలు తీయాలి. డబ్బులిచ్చి సర్దుకుందామనే ఆలోచన అసలు వద్దు.

కుడివైపు నడపడం ఎలా?

అమెరికా, యూఏఈ, వియత్నాం, యూరప్‌లోని చాలా దేశాల్లో రోడ్డుకు కుడివైపు నడపాలి. ట్రాఫిక్ ఉన్నప్పుడు ముందు బండిని చూసి వెళ్లిపోతాం. ఖాళీ రోడ్డు మీదే పాత అలవాటు బయటపడుతుంది. పొద్దున్నే పెట్రోల్ బంకులోంచి బయటికొచ్చేటప్పుడు, ఎడమవైపు టర్న్ తీసుకునేటప్పుడు ఎక్కువ జాగ్రత్త అవసరం. ఒక సులువైన గుర్తు ఉంది. చాలా దేశాల్లో కారులో డ్రైవర్ సీటు రోడ్డు మధ్య గీత వైపే ఉంటుంది. మీరు రోడ్డు అంచు వైపు కూర్చుని ఉన్నారంటే తప్పు లేన్‌లో ఉన్నట్టే. కుడివైపు నడిపే దేశాల్లో రౌండబౌట్ దగ్గర ముందు ఎడమవైపు చూడాలి. లోపల తిరుగుతున్న బండికే దారివ్వాలి. రాత్రంతా ప్రయాణం చేసి దిగిన వెంటనే స్టీరింగ్ పట్టొద్దు. ఒక పూట నిద్రపోయి బయల్దేరండి.

ప్రమాదం జరిగితే..

బండి అక్కడే ఆపాలి. భయపడి వెళ్లిపోతే చిన్న కేసు కూడా పెద్దదవుతుంది. గాయపడినవాళ్లకు సాయం పిలిచి, ఫొటోలు తీసుకుని, అద్దె కంపెనీకి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. తెలియని భాషలో ఉన్న కాగితంపై సంతకం పెట్టొద్దు. అరెస్టు దాకా వెళ్తే భారత రాయబార కార్యాలయానికి తెలియజేయమని అడిగే హక్కు మీకు ఉంటుంది.

ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి
* అమెరికా: 911
* యూఏఈ: పోలీస్ 999, అంబులెన్స్ 998
* థాయిలాండ్: పోలీస్ 191, అంబులెన్స్ 1669, టూరిస్ట్ పోలీస్ 1155
* వియత్నాం: పోలీస్ 113, అంబులెన్స్ 115
* యూరప్ దేశాలు: 112

నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. టికెట్ బుక్ చేసుకున్నాక ఆ దేశ రవాణా శాఖ వెబ్‌సైట్ చూసి, ట్రావెల్ పాలసీలో డ్రైవింగ్‌కు సంబంధించిన షరతులు చదివాకే బండి బుక్ చేసుకోవాలి.