గల్ఫ్ వలస చర్చలో పాఠకుల అంచనా

గల్ఫ్ వలస చర్చలో పాఠకుల అంచనా అనగా గల్ఫ్ దేశాలకు వెళ్ళే కార్మికుల గురించి వాదించే రచయితలు, తమ మాట ఎవరికి చేరవలెనో గుర్తించి, వారి అవసరాలకు, నమ్మకాలకు తగిన ఆధారాలను ఎంచుకొనే పద్ధతి. ఒప్పించే ప్రసంగంలో శ్రోతల మనఃస్థితికి గల ప్రాధాన్యతను క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ వివరించాడు. తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఈ చర్చకు చాలా ప్రాముఖ్యత ఉన్నది.

నేపథ్యము

ఈ ప్రాంతాలు పూర్వపు కరీంనగర్ జిల్లాలోనివి. ఇక్కడి వలస చరిత్రను "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అనే నానుడి మూడు మాటలలో చెబుతుంది. స్థానికులకు దీనిని వివరించనవసరం లేదు. ఇతర ప్రాంతాల పాఠకులకు మాత్రం బొగ్గుబాయి అంటే బొగ్గుగని అని, ఊరిలో పని కొరవడుటే ఈ వలసలకు ముఖ్య కారణమని చెప్పవలసి వస్తుంది. మల్లాపూర్ మండలం ముత్యంపేటలోని నిజాం దక్కన్ షుగర్స్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినది. స్థానిక ఉపాధి కావాలని వాదించేవారికి ఇది ఆ ప్రాంతపు పాఠకులకు తెలిసిన ఉదాహరణ.

పాఠకులను బట్టి వాదన

* వలస వెళ్ళదలచినవారు: అప్పులలో ఉన్నవారిని "వెళ్ళవద్దు" అన్న ఒక్కమాట ఒప్పించదు. లైసెన్సు గల ఏజెంటు ద్వారానే వెళ్ళాలని, విజిట్ వీసాపై పనికి పోరాదని, ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయల బీమా ఉన్నదని చెప్పడం వారికి ఉపయోగపడుతుంది.
* రాష్ట్ర ప్రభుత్వం: ఇక్కడ మృతుల కుటుంబాల పోషణ ముఖ్యాంశమవుతుంది. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయానికి తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వులు ఇచ్చినది.
* న్యాయస్థానం: సానుభూతి కంటే చట్టానికి, ఉత్తర్వుల పాఠానికి బలమెక్కువ.

కనీస వేతనాల వివాదం

2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ దేశాలలోని భారతీయ కార్మికులకు వర్తించే కనీస సిఫారసు వేతనాలను 30 నుండి 50 శాతం వరకు తగ్గించినది. భారతీయుల ఉద్యోగాలను కాపాడుటకే ఈ చర్య అని సమర్థించుకొన్నది. ఉద్యోగం పోతుందనే భయం ఉన్నవారికి ఈ వాదన నచ్చవచ్చును. తక్కువ జీతంతో అప్పు తీరదనే ప్రతివాదన అదే కుటుంబాన్ని ఆలోచింపజేస్తుంది. ఈ ఉత్తర్వులపై తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైనది. 2021 జూలైలో వాటిని ఉపసంహరించినట్లు కేంద్రం తెలిపినది.

పరిమితులు

మోసగించే ఏజెంటు కూడా ఎదుటివారి అవసరాన్ని సరిగానే అంచనా వేస్తాడు. జీతాన్ని పెంచి చెప్పి, పని స్వభావాన్ని దాచిపెడతాడు. బాధ్యతగల రచనలో పాఠకులను బట్టి మారేది ఆధారాల ఎంపిక, క్రమము, భాష మాత్రమే, వాస్తవాలు మారవు. పాఠకుని నిర్ణయానికి అవసరమైన ప్రతికూల విషయాన్ని దాచిన వాదన అతనికి నష్టం కలిగిస్తుంది.