చిన్న వలయం, పెద్ద చట్రం

‘ఫుల్ ఫ్రేమ్’ అన్న మాట వింటే ఇక దాన్ని మించింది లేదనిపిస్తుంది. ఆ పేరు మోస్తున్న 24×36 మిల్లీమీటర్ల చట్రం పుట్టిన రోజుల్లో మాత్రం గాజు పలకల మీద ఫొటోలు తీసే పెద్దమనుషులు దాన్ని బుల్లి ఫార్మాట్ అని చిన్నచూపు చూశారు. జర్మనీలో లైట్జ్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బార్నాక్ 1913–14 ప్రాంతంలో సినిమా ఫిల్ముతో ఫొటోలు తీసే చేతి కెమెరా ఒకటి తయారుచేశాడు. సినిమా రీలులో ఒక్కో బొమ్మ 18×24. బార్నాక్ ఫిల్మును నిలువుగా కాకుండా అడ్డంగా నడిపించి, రెండు సినిమా బొమ్మల చోటును ఒక్క ఫొటోకి ఇచ్చాడు. చిక్కు అక్కడే వచ్చింది. సైస్ వాళ్ళ టెస్సార్ లెన్స్ బిగించి చూస్తే, సినిమా బొమ్మ కొలతకి చేసినది కావడంతో కొత్త చట్రం మూలలదాకా అందలేదు. అప్పటికి 42 మి.మీ. మైక్రో సుమ్మార్‌తో పని గడుపుకున్నాడు. తరవాత మాక్స్ బెరెక్ ఈ చట్రం కోసమే ప్రత్యేకంగా లెన్స్ రూపొందించాక, 1925లో లైకా బజారుకొచ్చింది.

అంటే ఫుల్ ఫ్రేమ్ మీద క్రాప్ లెన్స్, అదే చిన్న చట్రానికి చేసిన లెన్స్, పెట్టి ఇబ్బంది పడ్డవాళ్ళలో ముందు వరసలో ఉన్నవాడు ఫుల్ ఫ్రేమ్‌ని కనిపెట్టినవాడే. ఇవాళ ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని జగదల్‌పుర్ దసరాలో పాత కిట్ లెన్స్‌ని కొత్త మిర్రర్‌లెస్ బాడీకి తగిలించి, ‘ఇది పనికొస్తుందా?’ అని అడిగే కుర్రాడు వందేళ్ళనాటి ప్రశ్నే అడుగుతున్నాడు.

చీకటి గదిలో గోడమీదికి టార్చిలైటు వేస్తే గుండ్రంగా వెలుగు పడుతుంది. నడుమ కాంతి ఎక్కువ, అంచులకి పోయేకొద్దీ మసక, ఆపైన చీకటి. ఆ వెలుగులో గోడకి క్యాలెండరు తగిలించి ఉందనుకోండి. క్యాలెండరు చిన్నదైతే మొత్తం కనిపిస్తుంది, పెద్దదైతే నాలుగు మూలలూ నల్లబడతాయి. లెన్స్ చేసే పని అంతే. అది వేసేది ఎప్పుడూ గుండ్రటి బొమ్మే, నలుచదరంగా కోసుకునేది మనం. 24×36 చట్రానికి మూల నుంచి మూలకి 43.3 మి.మీ., కాబట్టి వలయం కనీసం అంత ఉండాలి. క్రాప్ సెన్సార్‌కి దాదాపు 28 మి.మీ. చాలు. లెన్స్ చిన్నదవడం, తేలికవడం, చవకవడం, అన్నీ ఈ తేడాలోంచే వచ్చాయి.

ఆ కుర్రాడి బస్తర్ విషయానికొస్తే, ఈ అడవికి కెమెరా ముందుగా వచ్చింది బయటివాళ్ళ చేతుల్లోనే. 1927 నుంచి 1931 దాకా సంస్థానం పాలన చూసిన డబ్ల్యు. వి. గ్రిగ్సన్ మాడియా గోండుల మీద రాసిన పుస్తకం 1938లో వచ్చింది. వెరియర్ ఎల్విన్ మురియాల ఘోటుల్ అనే యువజన గృహాల మీద రాసిన పెద్ద పుస్తకం 1947లో అచ్చయింది. ప్రపంచం బస్తర్‌ని చాలాకాలం ఇలాంటి పుస్తకాల్లోని నలుపు తెలుపు ఫొటోలతోనే ఊహించుకుంది. చట్రంలో అడవిదున్న కొమ్ముల తలపాగా, డోలు, దువ్వెన పడ్డాయి. ఆ పక్కనే ఉండే అప్పులవాడూ అటవీ గార్డూ చాలామటుకు బయటే ఉండిపోయారు. కోత ఒక్క సెన్సార్ వల్లే జరగదు మరి.

చట్రం కొలతల చరిత్రలో బస్తర్‌కి సొంత అధ్యాయం ఒకటుంది. అది 1957లో విడుదలైన ఆర్నె సుక్స్‌డోర్ఫ్ సినిమా ‘ఎన్ జుంగెల్‌సాగా’. నారాయణ్‌పుర్ దగ్గర గఢ్ బెంగాల్ ఊరి మురియా పిల్లవాడు చేంద్రూ, అతనితో ఆడుకునే పులి. సంగీతం రవిశంకర్. ‘ఫ్లూట్ అండ్ ది యారో’ పేరుతో బయటి దేశాల్లోనూ ఆడింది. చేంద్రూ స్వీడన్ వెళ్ళి చూసొచ్చాడు, మళ్ళీ తన ఊళ్ళోనే బతికాడు, 2013లో పోయాడు. మనకి కావలసింది ఆ సినిమా తీసిన పద్ధతి. అది ఆగాస్కోప్ అనే స్వీడన్ వెడల్పు తెర పద్ధతి. మామూలు 35 మి.మీ. ఫిల్ముకి అడవి వెడల్పంతా ఎక్కాలంటే రెండు దారులున్నాయి. పైనా కిందా కోసి వెడల్పనిపించడం ఒకటి. ఆగాస్కోప్, సినిమాస్కోప్ లాంటివి రెండో దారి పట్టాయి. లెన్స్ బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ము మీద పడేస్తుంది, థియేటర్లో ఇంకో లెన్స్ దాన్ని సాగదీస్తుంది. ఫిల్ములో ఒక్క ముక్కా వృథా కాదు. ఆ సినిమా చూసినప్పుడల్లా, 1957లో ఇంత ఒడుపు చూపించిన మనుషులు డిజిటల్ కాలానికి వచ్చేసరికి కోతకే ఎందుకు సరిపెట్టుకున్నారా అనిపిస్తుంది.

సరిపెట్టుకోడానికి కారణం సిలికాన్. చిప్పులు ముద్రించే యంత్రం ఒక్క వెలుగులో వేయగలిగే గరిష్ఠ కొలత ఇంచుమించు 26×33 మి.మీ. 24×36 అందులో పట్టదు. ముక్కలుగా ముద్రించి అతకాలి, అతుకులో తేడా వస్తే మొత్తం చెత్తబుట్టలోకే. అందుకే 1999లో వచ్చిన నికాన్ డి1 సెన్సార్ 23.7×15.6 దగ్గర ఆగింది. పాత ఫిల్ము లెన్స్‌లు దానిమీద పనిచేశాయి, కాకపోతే నడిమి భాగమే వాడుకున్నాయి. 28 మి.మీ. లెన్స్ 42లా కనిపించేసరికి వెడల్పు ఫొటోలు తీసేవాళ్ళు గొల్లుమన్నారు. దానికి మందుగా 2003లో నికాన్ క్రాప్ సెన్సార్‌కే చేసిన 12–24 డిఎక్స్ లెన్స్ దించింది. అదే ఏడాది కెనాన్ 300డితోపాటు తన క్రాప్ లెన్స్ ఇఎఫ్-ఎస్ 18–55 ఇచ్చింది. బస్తర్ ఉన్న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరులో ఏర్పడింది. కొత్త రాష్ట్రంలో డిజిటల్‌లోకి మారిన చిన్న స్టూడియోలకి అందుబాటు ధరలో దొరికింది ఈ తరం సరుకే.

అక్కడ రెండు కంపెనీల దారులు చీలాయి. కెనాన్ ఇఎఫ్-ఎస్ లెన్స్ వెనక భాగం కెమెరా లోపలికి చొచ్చుకుపోయే రకం. ఫుల్ ఫ్రేమ్ డిఎస్‌ఎల్‌ఆర్‌లోని పెద్ద అద్దానికి తగులుతుందని అసలు బిగించడానికే వీల్లేకుండా చేశారు. ఫుల్ ఫ్రేమ్ 1డిఎస్ 2002లోనే, 5డి 2005లో వచ్చినా, క్రాప్ బాడీ నుంచి పైకి ఎక్కాలంటే ఇఎఫ్-ఎస్ లెన్స్‌లన్నీ అమ్ముకోవలసిందే. నికాన్ మాత్రం తలుపు తెరిచి ఉంచింది. 2007లో వచ్చిన ఫుల్ ఫ్రేమ్ డి3కి డిఎక్స్ లెన్స్ తగిలిస్తే కెమెరాయే గుర్తుపట్టి నడిమి భాగమే తీసుకునేది. కాకపోతే 12.1 మెగాపిక్సెళ్ళు కాస్తా 5.1 అయ్యేవి. పైగా వ్యూఫైండర్‌లో గీసిన చిన్న గడిలోంచి చూసి తీయాలి, పెద్దింట్లో కిటికీ రెక్క సందులోంచి వీధి చూసినట్టు.

మిర్రర్‌లెస్ కెమెరాలు ఆ అద్దాన్ని తీసిపారేయడంతో కథ మారింది. నికాన్ ఎఫ్ మౌంట్‌లో లెన్స్ కూర్చునే చోటికీ సెన్సార్‌కీ మధ్య దూరం 46.5 మి.మీ. మిర్రర్‌లెస్ జెడ్ మౌంట్‌లో 16. తేడా 30.5 మి.మీ. పొడవున్న గొట్టం పెడితే పాత లెన్స్ దాని చోట అది కూర్చుంటుంది. అడాప్టర్ అంటే అదే, అందులో గాజు ముక్క ఉండదు. కెనాన్ లెక్క 44 లోంచి 20 తీస్తే 24. లెన్స్ వెనక భాగం తగలడానికి అద్దమే లేదు కాబట్టి, డిఎస్‌ఎల్‌ఆర్ కాలంలో ఫుల్ ఫ్రేమ్ గడప తొక్కనివ్వని ఇఎఫ్-ఎస్ లెన్స్ 2018లో ఇఒఎస్ ఆర్ మీద దర్జాగా కూర్చుంది. సోనీ అంతకన్నా ముందే, 2010 నాటి ఎన్‌ఇఎక్స్ మౌంట్‌నే 2013లో ఆల్ఫా 7కి పెట్టింది, అడాప్టర్ కూడా అక్కర్లేకపోయింది. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ కోసుకున్న బొమ్మనే కంటినిండా చూపిస్తుంది. కిటికీ సందు బాధ తీరింది.

మిగిలింది పిక్సెళ్ళ లెక్క. 1.5 కోత అంటే సెన్సార్‌లో వాడుకునే వైశాల్యం 2.25 రెట్లు తగ్గిపోతుంది. 24 మెగాపిక్సెళ్ళ ఆల్ఫా 7 మీద 10 మిగిలాయి. పొడుగువైపు 3936 పిక్సెళ్ళు, 12×8 అంగుళాల ప్రింటుకి దివ్యంగా చాలు. అదే ఫొటోని కరిజ్మా పెళ్ళి ఆల్బమ్‌లో 12×36 పేజీ అంతా పరచాలంటే అంగుళానికి 110 పిక్సెళ్ళు కూడా రావు. పెళ్ళి కూతురి కళ్ళు ముగ్గుపిండితో గీసినట్టు వస్తాయి. పెళ్ళి పనికి క్రాప్ లెన్స్ వద్దనే స్టూడియోవాళ్ళ మాటలో నిజముంది, అయితే అది 24 మెగాపిక్సెళ్ళ కాలం నాటి నిజం. నికాన్ జెడ్ 7 మీద క్రాప్ తరవాత కూడా 19కి పైన, కెనాన్ ఆర్5 మీద 17, 2019 నాటి ఆల్ఫా 7ఆర్ 4 మీద 26 మిగులుతాయి. డి3 మొత్తం సెన్సార్‌తో తీసిన దానికి ఈ 26 రెండింతలకి పైనే.

బస్తర్‌లో ఈ లెక్కలు చోటును బట్టి తలకిందులవుతాయి. కాంగేర్ లోయలో కొండ మైనా కోసం తిరిగేవాళ్ళు క్రాప్ మోడ్ నొక్కగానే లెన్స్ పొడవు పెరిగిందనుకుంటారు. ఏమీ పెరగదు. ఇంటికొచ్చి కంప్యూటర్లో కత్తిరించుకునేదాన్ని కెమెరా ముందే కత్తిరించి పెడుతుంది, అంతే. కంటికి పిట్ట పెద్దగా కనబడుతుంది, కార్డులో చోటు కలిసొస్తుంది, ఆ మేరకే లాభం. పిట్ట మీద ఎన్ని పిక్సెళ్ళు పడ్డాయన్నదే అసలు లెక్క. ఆ లెక్కన 24 మెగాపిక్సెళ్ళ క్రాప్ బాడీని అమ్మేసి 24 మెగాపిక్సెళ్ళ ఫుల్ ఫ్రేమ్ కొన్న పిట్టల ఫొటోగ్రాఫరు, అదే లెన్స్‌తో నష్టపోయినట్టే.

కుటుమ్‌సర్ గుహలో మాట వేరు. అక్కడ పొదుపు చేయాల్సింది వెలుగు. వైశాల్యం 2.25 రెట్లు తగ్గితే పోయేది ఒక స్టాప్ కన్నా కాస్త ఎక్కువే, అది నాయిస్ రూపంలో రాళ్ళమీద మొలుస్తుంది. దసరాలో అర్ధరాత్రి దంతేశ్వరి అమ్మవారి రథం లాగేటప్పుడూ ఇదే తంతు. ఇలాంటి చోట 35 మి.మీ. ఎఫ్/1.8 క్రాప్ లెన్స్, చవక ఫుల్ ఫ్రేమ్ జూమ్‌ని ఓడించగలదన్నది నా అనుభవం. కోతలో పోయినదాన్ని అపర్చర్ తిరిగి తెచ్చిపెడుతుంది.

ఇక చిత్రకోట జలపాతం. వానాకాలంలో ఇంద్రావతి నది గుర్రపు నాడాలా వంగి దాదాపు 300 మీటర్ల వెడల్పున దూకుతుంది. ఇక్కడే క్రాప్ లెన్స్‌ల అసలు రహస్యం బయటపడుతుంది. లెన్స్ వలయం ఎంతుండాలో కంపెనీ చెప్పింది కనీస కొలతే. కొన్ని లెన్స్‌లు అంతకన్నా ఉదారంగా వెలుగు వేస్తాయి. 2012లో వచ్చిన సోనీ 10–18 క్రాప్ లెన్స్, పొట్టి కొసన మూలలు నల్లబడినా, 12 నుంచి 16 మధ్య ఫుల్ ఫ్రేమ్‌ని దాదాపు నింపేస్తుంది. టొకినా 11–16 పొడుగు కొసన, అంటే 15–16 దగ్గర, నింపుతుంది. 12 మి.మీ. దగ్గర క్రాప్‌లో అడ్డంగా 89 డిగ్రీల లోపు కనిపిస్తే, మొత్తం సెన్సార్ మీద 112 డిగ్రీలు కనిపిస్తాయి. జలపాతం ఆ చివర నుంచి ఈ చివర దాకా చట్రంలో కూర్చుంటుంది. మూలల్లో మసక వచ్చినా ఆ మూలల్లో ఉండేది ఆకాశమూ నీటి తుంపరేగా. ముందుకి పొడుచుకొచ్చిన హుడ్ రేకుల్ని అరగదీసి 10.5 మి.మీ. చేపకన్ను లెన్స్‌ని ఫుల్ ఫ్రేమ్‌కి తెచ్చుకున్న మొండివాళ్ళు కూడా ఉన్నారు. ఆ పని చేయమని నేను చెప్పను గాని, వాళ్ళ ఫొటోలు చూసి అసూయపడ్డాను.

ఈ ఔదార్యాన్ని వాడుకునే స్వేచ్ఛ మాత్రం అందరి దగ్గరా లేదు. సోనీ మెనూలో క్రాప్‌ని ఆపేయొచ్చు. నికాన్ డిఎస్‌ఎల్‌ఆర్‌లలోనూ ఆపేయడానికి వీలుండేది. జెడ్ బాడీల మీద నికాన్ డిఎక్స్ లెన్స్ పెడితే, ఆర్ బాడీల మీద కెనాన్ ఇఎఫ్-ఎస్ పెడితే, కోత తప్పనిసరి, ఆపే మీట లేదు. కొనేవాడు నల్లటి మూలలు చూసి కంగారుపడతాడని కాబోలు. డబ్బిచ్చి కొన్నవాడికి తన మూలలు చూసుకునే హక్కు లేకపోవడం నాకు మింగుడుపడదు. ఎలక్ట్రానిక్ కాంటాక్టులు లేని పరాయి కంపెనీ లెన్స్‌లు, చేత్తో ఫోకస్ చేసే పాతవి, తమ సంగతి కెమెరాకి చెప్పవు కాబట్టి ఈ నిర్బంధం నుంచి తప్పించుకుంటున్నాయి.

అయితే మూలలు ముఖ్యమైన పనులూ ఉన్నాయి. బస్తర్‌ని కాకతీయుల అన్నమదేవుడి వంశం ఏలడానికి ముందే, ఇక్కడి నాగవంశీయులు తెలుగులో కూడా శాసనాలు వేయించారు. అలాంటి రాతి పలకని ఫొటో తీస్తే మొదటి అక్షరం పై మూలలో, చివరి అక్షరం కింది మూలలో ఉంటుంది. వలయం అంచు పడేది సరిగ్గా అక్కడే. రాతికి ఎదురుగా నిటారుగా నిలబడి, అపర్చర్ ఎఫ్/8కి తగ్గించి, క్రాప్ మోడ్‌ని చేత్తోనే ఆన్ చేసుకుని, రెండడుగులు వెనక్కి జరిగి తీయాలి. అప్పుడు దొరికేవి పదో పదిహేడో మెగాపిక్సెళ్ళు. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ తేడా తెలియడానికి అవి చాలు.